హైవే దాకా రాజగోపాల్ గారు

రాజగోపాల్ గారికి మనుషుల్ని సాగనంపే జబ్బు ఉంది. జబ్బు అన్న మాట ఆయన భార్య ఆండాళ్‌ది. ఇంటికొచ్చినవాళ్ళు "ఇక వెళ్ళొస్తామండీ" అనగానే మామూలు మనుషులు గుమ్మం దాకా వస్తారు, మర్యాద తెలిసినవాళ్ళు కారు దాకా వస్తారు. రాజగోపాల్ గారు హైవే దాకా వెళతారు. సోఫా దగ్గర కాసేపు, గుమ్మం దగ్గర మరి కాసేపు, కారు తలుపు పట్టుకుని ఇంకాసేపు మాట్లాడతారు. తీరా ఆ కారు కదిలాక తన పొడుగాటి స్టేషన్ వేగన్ కారు తీసి, వాళ్ళ వెనకాలే వెళ్ళి, వాళ్ళు హైవే ఎక్కేదాకా చూసి, చెయ్యి ఊపి, అప్పుడు ఇంటిముఖం పడతారు. ఎండాకాలం, చలికాలం అన్న తేడా లేదు. అమెరికాలో నోవై అనే ఊరికి కాస్త అవతల వాళ్ళుండే ఊళ్ళో జనవరి నెలలో కుక్కలు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించి గానీ బయటికి రావు. అలాంటి చలిలోనూ ఆయన మఫ్లరు చుట్టుకుని బయల్దేరేవారు.

ఈ సంగతి తెలిసిన స్నేహితులు ఎవరి జాగ్రత్తల్లో వాళ్ళుండేవారు. ఆయనతో పాటే కార్ల కంపెనీలో పనిచేసే దామోదర్ ఆదివారం పూట భార్య జయంతితో భోజనానికి వచ్చేవాడు. విస్తట్లో చారు పడగానే జయంతి "ఇక మేం వెళ్ళొస్తాం" అని మొదలుపెట్టేది. అప్పుడు మొదలుపెడితే గానీ దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరలేమని ఆవిడ అనుభవం మీద కనిపెట్టింది.

ఒకసారి ఫ్రిజ్ బాగుచేయడానికి మెకానిక్ వచ్చాడు. పని ముగించి వ్యాన్ ఎక్కి కొంత దూరం వెళ్ళి అద్దంలో చూసుకుంటే, ఇందాకటి పెద్దమనిషి స్టేషన్ వేగన్‌లో వెంట వస్తున్నాడు. మెకానిక్ కంగారుపడి వేగం పెంచాడు. అతనికేదో తొందర పనుంది కాబోలు, దారి తప్పకుండా చూడాలని రాజగోపాల్ గారూ వేగం పెంచారు. ఇద్దర్నీ కలిపి పోలీసు ఆపాడు. రాజగోపాల్ గారు అతిథి మర్యాద గురించి పోలీసుకి మొదట్నుంచీ చివరిదాకా వివరించారు. పోలీసు ఓపిగ్గా విని, జరిమానా టికెట్ రాయకుండా వదిలేసి, తన కారెక్కాడు. అంత మంచివాణ్ణి ఊరికే పంపించేయడం ఏం బావుంటుందని రాజగోపాల్ గారు అతన్ని పోలీస్ స్టేషన్ దాకా సాగనంపి వచ్చారు.

ఇంట్లో ఆండాళ్ అన్నీ మళ్ళీ వేడిచేస్తూ కూర్చునేది. ఈ మనిషితో కాపురం చేస్తూ తాను తిన్న అన్నంకంటే వేడిచేసిన సాంబారే ఎక్కువని ఆవిడ లెక్క.

ఇలాంటి మనిషి, ఊళ్ళో బళ్ళ వ్యవహారాలు చూసే స్కూల్ బోర్డుకి పోటీ చేయడానికి కారణం ఒక గంట.

అది పందొమ్మిది వందల ఎనభై రెండు. కార్ల వ్యాపారం దెబ్బతింది. ఉద్యోగాలు పోయిన కుటుంబాలు సామాన్లు సర్దుకుని టెక్సాస్ దారి పట్టాయి. ఊళ్ళో పిల్లలు తగ్గారు. పిల్లలు తగ్గారు కాబట్టి క్లోవర్ హిల్ ఎలిమెంటరీ స్కూలు మూసేసి, ఉన్నవాళ్ళని బస్సులో హైవే అవతలి స్కూలుకి పంపుదామని బోర్డు ఆలోచన చేసింది. రాజగోపాల్ గారి అమ్మాయి ఉష ఆ స్కూల్లోనే నాలుగో క్లాసు. ఉషకి బస్సంటే సరదా, దాని బాధేం లేదు. బాధంతా ఆండాళ్‌ది.

ఈ దేశం వచ్చిన కొత్తల్లో ఆండాళ్ రెండు చలికాలాలు కిటికీ పక్కన కూర్చుని మంచు చూసింది. మాట్లాడే మనిషి లేదు, మాట్లాడబోతే నోట్లోంచి ఇంగ్లీషు రాదు. ఉషని క్లోవర్ హిల్‌లో కిండర్‌గార్టెన్‌కి దింపడానికి వెళ్ళిన రోజున అక్కడి లైబ్రరీ ఆవిడ, చిరిగిన పుస్తకాలకి అట్టలు వేసిపెడతారా అని అడిగింది. అంతే, ఆ రోజు నుంచి ఆండాళ్ ఆ లైబ్రరీకి దత్తు వెళ్ళిపోయింది. పిల్లల పుస్తకాలు చదివే ఇంగ్లీషు నేర్చుకుంది. ఆ ఊళ్ళో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచే చోటు అదొక్కటే. స్కూలు పోతే మళ్ళీ కిటికీయే గతి అని ఆవిడ దిగులు.

బోర్డు మీటింగులో ఊరివాళ్ళు ఎవరైనా లేచి మాట్లాడవచ్చు గాని, మనిషికి మూడు నిమిషాలే. తర్వాత గంట కొడతారు. రాజగోపాల్ గారికి నమస్కారం పూర్తవడానికే అయిదు నిమిషాలు కావాలి. ఆ రోజు ఆయన మెంబర్లందర్నీ పేరుపేరునా పలకరించి, అంత చలిలో వచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పుకుని, ఛైర్మన్ దగ్గుకి మిరియాల పాలు మంచివని చెప్పి, "ఇక స్కూలు విషయానికొస్తే" అన్నారు. గంట మోగింది.

ఇంటికొచ్చి కోటు విప్పుతూ అన్నారు. "మెంబర్లకి గంట లేదట ఆండాళ్."

"దేనికి?"

"మాట్లాడ్డానికి. ఎంతసేపైనా మాట్లాడొచ్చట."

"అయితే?"

"అయితే నిలబడతాను."

ఆండాళ్‌కి ముందు ఊరి మీద జాలేసింది. ఆశ పుట్టింది తర్వాత.

ఆశకి కారణం లేకపోలేదు. బోర్డులో ఒకాయన రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళలో సగం మంది స్కూలు ఉంచాలని, సగం మంది మూయాలని. ఆ ఖాళీ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ళ మాటే నెగ్గుతుంది. మూయాలనే పక్షాన నిలబడ్డావిడ పేరు డోరతీ హాల్వర్సన్, ఇళ్ళు అమ్మిపెట్టే వ్యాపారం. చెడ్డమనిషేం కాదు, లెక్క మనిషి. చకచకా నడుస్తుంది, చకచకా మాట్లాడుతుంది, ఒక సాయంత్రంలో రెండు వీధులు తిరిగి అందరి చేతుల్లోనూ కరపత్రం పెట్టేస్తుంది.

రాజగోపాల్ గారి ప్రచారం బాధ్యత దామోదర్ నెత్తినేసుకున్నాడు. వరంగల్‌లో కాలేజీ ఎన్నికలు నడిపిన అనుభవం ఉందని ధైర్యంగా ముందుకొచ్చాడు గాని, రాజగోపాల్ గారితో మొదటి వీధి తిరిగేసరికే అతని తల ప్రాణం తోకకొచ్చింది. ఒక సాయంత్రమంతా తిరిగితే అయినవి రెండిళ్ళు.

ఇబ్బంది ఎక్కడంటే, అమెరికావాళ్ళు మాట అయిపోగానే "హావ్ ఎ నైస్ డే" అని తలుపేసుకుంటారు. ఇంటికొచ్చిన మనిషి ఇంకా మెట్ల మీదే ఉండగా తలుపేసుకోవడం రాజగోపాల్ గారి ఊహకి అందని విషయం. పాపం చెప్పులు వేసుకు రావడానికి లోపలికి వెళ్ళారు కాబోలు, వీధి దాకా వచ్చి సాగనంపుతారు కాబోలు అని ఆయన అక్కడే నిలబడేవారు. లోపలివాళ్ళు కాసేపయ్యాక కర్టెన్ తొలగించి చూసేవారు. మనిషి ఉన్నాడు. ఇంకాసేపటికి మళ్ళీ చూసేవారు. ఇంకా ఉన్నాడు, పైగా చెయ్యి ఊపుతున్నాడు. చివరికి భయపడి తలుపు తీసేవారు.

"పర్వాలేదు, తొందరేం లేదు, నెమ్మదిగానే రండి" అనేవారు రాజగోపాల్ గారు.

దామోదర్ కారులో కూర్చుని జుట్టు పీక్కునేవాడు. "అన్నా, తలుపేసిండంటె పొమ్మన్నట్టే గద" అని నచ్చచెప్పబోయాడు. అంత మాట అనకూడదని, వాళ్ళు అంత మర్యాద లేనివాళ్ళు కారని రాజగోపాల్ గారు అతన్నే మందలించారు.

ఊళ్ళో ఇద్దరు అభ్యర్థుల చేతా మాట్లాడించడానికి సభ పెడితే అక్కడా ఇదే వరస. హాల్వర్సన్ గారు గుక్క తిప్పుకోకుండా మాట్లాడి చప్పట్లు కొట్టించుకుని కూర్చుంది. రాజగోపాల్ గారు లేచి, ఈసారి నమస్కారాలు క్లుప్తంగా ముగించి, ముందు వరసలో ఆండాళ్ ఆశగా చూస్తుండగా, క్లోవర్ హిల్ ఎందుకు ఉండాలో చెప్పడం మొదలుపెట్టారు. బాగానే చెబుతున్నారు. జనం కూడా వింటున్నారు. ఇంతలో వెనక వరసలో కర్ర పట్టుకుని ఒక ముసలావిడ లేచింది. ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి కారు వచ్చినట్టుంది. రాజగోపాల్ గారి వాక్యం మధ్యలో ఆగింది. "ఒక్క నిమిషం" అని వేదిక దిగి, ఆవిడ చెయ్యి పట్టుకుని, తలుపు తీసి బయటికి నడిచారు. ఆయన తిరిగొచ్చేసరికి కుర్చీలు మడతపెట్టేస్తున్నారు.

"ఆమె ఈ ఊరామె గూడ కాదు వదినె" అన్నాడు దామోదర్ నీరసంగా. "చుట్టపుచూపుగ వచ్చిందట. ఆమెకు ఓటే లేదు."

ఆ రాత్రి ఆండాళ్ భర్తతో మాట్లాడలేదు. మర్నాడు మాత్రం ఒక నిశ్చయానికి వచ్చింది. ఈయన్ని నమ్ముకుంటే స్కూలు దక్కదు, మిగిలిన వీధులు తనే తిరగాలి. తిరిగింది కూడా. చీర మీద స్వెట్టర్ వేసుకుని, చెప్పాల్సిన నాలుగు మాటలూ దారి పొడుగునా వల్లెవేసుకుంటూ, ఎన్నికల ముందు శనివారం నాడు రైలు పట్టాల దగ్గరి వీధికి వచ్చింది. అక్కడ సగం ఇళ్ళ ముందు అమ్మకానికి బోర్డులున్నాయి. ఒక ఇంట్లోంచి బొద్దుమీసాల మనిషి బయటికొచ్చాడు. పేరు హ్యాంక్. ఆవిడ నాలుగు మాటల్లో రెండో మాట దగ్గరుండగానే ఆయన అడ్డొచ్చాడు.

"బ్రేకుల డిపార్ట్‌మెంట్ రాజ్ భార్యా మీరు?"

అవునంది ఆండాళ్. ఈయన్ని కూడా ఎప్పుడో హైవే దాకా తరిమి ఉంటారని సిగ్గుపడుతూ, క్షమాపణ ఎలా చెప్పాలా అని ఇంగ్లీషు మాటలు వెతుక్కుంది. హ్యాంక్ లోపలికి రమ్మని, కుర్చీ చూపించి, తన కథ చెప్పాడు.

ఏడాదిన్నర క్రితం, చలికాలంలో ఒక శుక్రవారం, కంపెనీలో హ్యాంక్‌తో పాటు ఒక వరసంతా ఉద్యోగాలు పోయాయి. మధ్యాహ్నం కబురు, సాయంత్రానికల్లా ఖాళీ చేయాలి. ఎవరి సామాను వాళ్ళు అట్టపెట్టెలో పెట్టుకుని బయటికి నడిచారు. ఉద్యోగాలు మిగిలినవాళ్ళు తలలు దించుకుని కాగితాలు చూస్తూ కూర్చున్నారు. వీళ్ళ మొహం చూడ్డానికి వాళ్ళకి ధైర్యం చాల్లేదు.

"మీ ఆయన ఒక్కడే లేచి కోటు వేసుకున్నాడు" అన్నాడు హ్యాంక్. "ఒక్కొక్కళ్ళ పెట్టె అందుకుని కారు దాకా వచ్చాడు. ఒకర్ని పంపించి మళ్ళీ లోపలికి వెళ్ళి ఇంకొకర్ని తీసుకొచ్చాడు. ఆఖరున నేను. నాకు కళ్ళు సరిగా ఆనట్లేదు, రోడ్డంతా మంచు. అద్దంలో వెనక ఆయన లైట్లు కనిపిస్తుంటే ఆ ధైర్యంతో ఇల్లు చేరాను."

హ్యాంక్ వీధి గుమ్మం వైపు చెయ్యి చూపించాడు.

"తర్వాత ఆ గుమ్మంలో నిలబడి ఎంతకీ కదల్లేదు. మా ఆవిడ సూప్ పోస్తే, మాంసం ఉందా అని అడిగి, వద్దని రొట్టె తిన్నాడు. ఉద్యోగం సంగతి తప్ప లోకంలో ఉన్నవన్నీ మాట్లాడాడు. ఆయన్ని ఎలా వదిలించుకోవాలా అన్న ఆలోచనలో పడి ఆ సాయంత్రం నేను ఏడవడం మర్చిపోయాను."

ఆండాళ్‌కి ఆ శుక్రవారం గుర్తొచ్చింది. సాంబారు మూడుసార్లు వేడిచేసి, నాలుగోసారి ఆయన నెత్తిన పోసినంత పని చేసింది. "కొంచెం ఆలస్యమైంది" అని తప్ప ఆయన ఇంకో మాట చెప్పలేదు. ఇప్పుడు ఆవిడకి ఆయన మీద కోపమూ ప్రేమా ఒకదాని మీదొకటి తోసుకుని వచ్చాయి. కళ్ళు తుడుచుకుని, వస్తానని లేచింది. హ్యాంక్ మెట్లు దిగాడు, వీధిలోకొచ్చాడు, పక్కింటి గుమ్మం దాకా తోడు నడిచాడు. ఎన్నికలు సోమవారమే కదా అని అడిగి వెనక్కి వెళ్ళాడు.

ఇంటికెళ్ళగానే ఆండాళ్ నిలదీసింది. "హ్యాంక్ వాళ్ళ సంగతి నాకెందుకు చెప్పలేదండీ?"

రాజగోపాల్ గారు ఏదో తప్పు దొరికిపోయినట్టు తడబడ్డారు. అందులో చెప్పడానికేముందన్నారు. ఆవిడ అలాగే నిలబడి ఉండేసరికి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు. "వచ్చేటప్పుడు మనిషికి అందరూ ఎదురొస్తారు ఆండాళ్. వెళ్ళేటప్పుడే ఎవరూ ఉండరు."

సోమవారం పొద్దున సన్నగా వాన. రాజగోపాల్ గారు బొట్టు పెట్టుకుని, టై కట్టుకుని, ఆండాళ్‌తో కలిసి ఓటేయడానికి బయటికొచ్చారు. ఇంటిముందు వీధి పొడుగునా కార్లు. మొదటి కారులో హ్యాంక్, దాని వెనక కారులో అతనితో పాటు ఉద్యోగం పోయినతను, దాని వెనక ఇంకొకతను. టెక్సాస్ వెళ్ళినవాళ్ళు వెళ్ళగా మిగిలిన వాళ్ళందరూ పెళ్ళాం బిడ్డలతో సహా వచ్చారు. చివర దామోదర్.

ఎందుకొచ్చారని రాజగోపాల్ గారు అడిగారు.

"నిన్ను సాగనంపడానికి" అన్నాడు హ్యాంక్.

రాజగోపాల్ గారికి ఏం చేయాలో పాలుపోలేదు. ఊరందర్నీ సాగనంపిన మనిషి గాని, తనని ఎవరైనా సాగనంపితే ఎలా ఉండాలో ఆయనకి తెలియదు. స్టేషన్ వేగన్ నెమ్మదిగా పోనిచ్చారు. వెనక కార్లన్నీ వానకి లైట్లు వేసుకుని అంతకంటే నెమ్మదిగా కదిలాయి. మొదటి స్టాప్ సైన్ దగ్గర కారు దిగి, వానలో వెనక్కి నడిచి, "చాలా దూరం వచ్చారు, ఇక మీరు వెళ్ళండి, శ్రమ" అని ఒక్కొక్క కారు దగ్గరా బతిమాలారు. ఎవరూ కదల్లేదు. రెండో స్టాప్ సైన్ దగ్గరా అదే. మూడో దగ్గర ఆండాళ్ ఆయన కోటు పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆ ఊళ్ళో లైట్లు వేసుకుని కార్లు వరసగా అంత నెమ్మదిగా వెళ్ళడం శవయాత్రకే. ఎదురొచ్చే కార్లు మర్యాదగా పక్కకి తప్పుకుని ఆగిపోయాయి. వాకిట్లో చెత్తడబ్బా పెడుతున్న పెద్దాయన టోపీ తీశాడు. గొడుగేసుకుని నిలబడ్డ ఒకావిడ హ్యాంక్ కారు దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, పోయిందెవరని అడిగింది.

"ఎవరూ పోలేదమ్మా. మావాడు ఓటేయడానికి వెళ్తున్నాడు."

"ఇవాళ ఎలక్షనా?"

అదీ అసలు సంగతి. స్కూల్ బోర్డు ఎన్నికలు ఫలానా రోజని ఆ ఊళ్ళో సగం మందికి గుర్తుండదు. ఆవిడ ఇంట్లోకెళ్ళి పర్సు తెచ్చుకుని తన కారు తీసి వరసలో కలిసింది. టోపీ తీసిన పెద్దాయన, తీసినందుకు ఏదో ఒకటి చేయాలన్నట్టు, ఆయనా బయల్దేరాడు. ఎవరో పెద్దమనిషి పోయాడని కబురు పాకి, చూడ్డానికొచ్చినవాళ్ళు కూడా ఓటేసిపోయారు. ఏటా అల్లిక పని తెచ్చుకుని కూర్చునే పోలింగు ఆఫీసరు ఆ రోజు సూదులు పట్టుకోలేదట.

సాయంత్రం హైస్కూల్ జిమ్ హాల్లో ఓట్లు లెక్కపెట్టారు. బయట వాన వెలిసి ఇంకా వెలుతురుంది. రాజగోపాల్ గారు గెలిచారు. పెద్ద తేడాతో కాదు గాని గెలుపు గెలుపే, క్లోవర్ హిల్‌కి ఇక ఢోకా లేదు. లైబ్రరీ ఆవిడ వచ్చి ఆండాళ్‌ని గట్టిగా కావలించుకుంది. ఆండాళ్ ఏడ్చి, నవ్వి, ఉష సిగ్గుపడుతున్నా వినకుండా మళ్ళీ ఏడ్చింది. ఎవరో ఆకుపచ్చ క్రీము పూసిన పెద్ద కేకు తెచ్చి బల్ల మీద పెట్టారు. కత్తి ఇచ్చి కోయిద్దామని చూస్తే గెలిచినాయన లేరు.

దామోదర్ హాలంతా వెతికి, పరుగున బయటికెళ్ళి, నెమ్మదిగా తిరిగొచ్చాడు. "కిటికీల నుంచి చూడు వదినె" అన్నాడు.

ఆండాళ్ చూసింది. ఫలితం చెప్పగానే హాల్వర్సన్ గారి వెంట వచ్చినవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు జారుకున్నట్టున్నారు. పార్కింగ్ లాట్‌లో ఆవిడ ఒక్కతే. కాదు, పక్కన రాజగోపాల్ గారు ఉన్నారు. రెండు చంకల్లోనూ హాల్వర్సన్‌కే ఓటెయ్యండి అన్న ప్లకార్డులు పెట్టుకుని ఆవిడ కారు డిక్కీలో సర్దుతున్నారు. సర్దాక ఆవిడ కారెక్కింది. ఆయన కారు తలుపు పట్టుకున్నారు. ఆవిడ మొదట ముభావంగా తలాడించింది, తర్వాత ఏదో అంది, ఆ తర్వాత నవ్వింది. చాలాసేపటికి ఆ కారు కదిలింది. దాని వెనకాల స్టేషన్ వేగన్ కదిలింది.

హ్యాంక్ కత్తి పట్టుకుని కిటికీ దగ్గరకొచ్చాడు. ఆగుదామా అని అడిగాడు.

"ఆవిడ ఇల్లెక్కడ?" అంది ఆండాళ్.

"ఊరికి ఆ చివర. సరస్సు అవతల."

"అయితే కోసేయండి. ఆవిడ లోపలికెళ్ళి దీపం వేసుకుంటే గాని ఆయన రారు."

దామోదర్‌కి ఒక అనుమానం వచ్చింది. ఆమె కూడా మర్యాదస్తురాలే కదా, తిరిగి అన్నని సాగనంపడానికి వెనకాలే వస్తే ఎలాగని అడిగాడు. ఆండాళ్ ఆ కేకులో రెండు పెద్ద ముక్కలు కోయించి, రెండు ప్లేట్లలో విడిగా పెట్టించింది.